డబుల్ బెల్లు పడితేనే బండి కదిలేది

మా ఆశ్రమంలో భోజనాల గంట మూడు దెబ్బలు. రెండు కాదు, నాలుగు కాదు, మూడు. ఆ నియమం నేను పెట్టిందే. ఒక్క దెబ్బైతే వంటింట్లో ఎవరో గిన్నె జారవిడిచారనుకుంటారు. రెండైతే నిజంగా విన్నామా లేదా అన్న సందేహం మిగులుతుంది. మూడో దెబ్బకు సందేహం తీరి కాళ్ళు చెప్పుల్లోకి వెళతాయి. మా వంటామె దీన్ని నా చాదస్తాల్లో ఒకటిగా చేర్చింది. అది చాదస్తం కాదని తేలడానికి మా ట్రస్టు కోశాధికారి కాలి బొటనవేలు నలగవలసి వచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. వాళ్ళ శిక్షణలో వృద్ధుల సంరక్షణ గురించి చాలా చెబుతున్నారట. సంతోషం. మా రోజుల్లో మాకు నేర్పింది పక్కగుడ్డ ముడత లేకుండా పరచడం, మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడటం. వాళ్ళు అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. "మీ అనుభవంలో మంచి సంరక్షణ అంటే ఏమిటి మేడమ్?" అంటారు, పెన్ను పట్టుకుని. నాకు దానికి జవాబు రాదు. అందుకని ఒక డ్రైవరు, ఒక కండక్టరు సంగతి చెబుతాను. తేదీలన్నీ నా డైరీలో ఉన్నాయి. వాటితో మీకు పని లేదు కాబట్టి వదిలేస్తున్నాను. అలా వదిలేయడం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాక ఈ ఆశ్రమానికి సూపరింటెండెంటుగా చేరాను. అల్లూరు దాటి సముద్రం వైపు వెళితే, రొయ్యల గుంటల మధ్య ఉంటుంది. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు పగలంతా వినిపిస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు వానేమో అనుకుని బట్టలు తీయడానికి లేస్తారు. భవనం ఒకటే అంతస్తు. గదుల ముందు పొడుగాటి వరండా, దాని చివర ఎడమకు మలుపు, మలుపులో మంచినీళ్ళ ఫిల్టరు, అక్కడి నుంచి కొంచెం వాలుగా దిగితే భోజనశాల. ఆ దారి పొడుగునా గోడకు పట్టుకుని నడవడానికి ఇనప గొట్టం బిగించి ఉంటుంది. ఈ గొట్టాన్ని గుర్తుపెట్టుకోండి.

మా ట్రస్టుకు రెండు ఇళ్ళు. మాది నడవగలిగేవాళ్ళకు. నెల్లూరు టౌనులో ఉన్నది మంచం పట్టినవాళ్ళకు. ఎవరు ఎక్కడ ఉండాలన్నదానికి నియమావళిలో ఒకే ఒక పరీక్ష రాసి ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గది నుంచి భోజనశాలకు రాగలిగినవారు మా దగ్గర ఉండవచ్చు. రాలేనివారిని నెల్లూరుకు పంపాలి. అక్కడి ఇల్లు శుభ్రమైనదే, మంచి నర్సులే. కాని అక్కడికి వెళ్ళినవాళ్ళు కిటికీలోంచి చూసేది పక్కింటి నీళ్ళ ట్యాంకు. మా వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

ముందుగా వచ్చినవాడు డ్రైవరు. ముత్తుకూరు వైపు మనిషి. సర్వీసంతా బస్సు నడిపి రిటైరయ్యాడు. తర్వాత చక్కెర జబ్బు చూపును కొంచెం కొంచెంగా తీసుకుపోయింది. మా దగ్గరికి వచ్చేసరికి వెలుగేదో నీడేదో మాత్రం తెలిసేది. నడకకు నాలుగు కాళ్ళ వాకరు. చెయ్యి పట్టుకుంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. మొదటి రోజే మా ఆయాతో తగాదా పెట్టుకున్నాడు.

"బండెడు జనాన్ని నేను తీసకపోయినోణ్ణి. నన్నొకరు పట్టుకోని తీసకపోయేదేందమ్మా?"

ఆయా పట్టుకోవడం మానేసి, రెండడుగుల వెనక నడవడం మొదలుపెట్టింది. మెట్టెల చప్పుడు విని ఆయన ఆగిపోయాడు. "ఓవర్‌టేక్ చేసుకుంటే చేసుకో. ఎనకాలే రావాకు" అన్నాడు.

అలా ఒంటరిగా నడిచి గోడకు కొట్టుకునేవాడు, చేతులు కడుక్కునే బేసిన్‌కు కొట్టుకునేవాడు, పొరపాటున పక్క గదిలోకి వెళ్ళి ఇంకొకరి మంచానికి కొట్టుకునేవాడు. ఆ రోజుల్లో నా డైరీ నిండా ఆయన మోకాళ్ళకు రాసిన మందే.

కండక్టరు తర్వాత వచ్చాడు. ఆయనది తలకిందులు. చూపు గద్ద చూపు. వరండా ఆ చివర నుంచి ఈ చివర నా బల్ల మీది క్యాలెండరు చదివేవాడు. మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి. కర్ర సాయంతో ఫిల్టరు దాకా నడిచి, అక్కడి పేము కుర్చీలో కాసేపు కూర్చుని, మళ్ళీ లేచి భోజనశాలకు వెళ్ళేవాడు. ఖాళీగా ఉన్న మంచం డ్రైవరు గదిలోనే ఉంది. తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెట్టాను. లోపలికి ఒకసారి చూశాడు.

"ఇంకో రూము లేదా మేడమ్?"

మంచం మీద పడుకున్న డ్రైవరు తల తిప్పకుండానే అన్నాడు: "ఆ గొంతు నాకు తెలుసు. 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అని పన్నెండేండ్లు నా ఎనకాల అరిసిన గొంతు. ఇంకో రూముంటే నాకియ్యండి మేడమ్, నేనే పోతా."

ఇంకో గది లేదు. ఉంటే ఈ కథా లేదు.

సంగతేమిటని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకే బస్సు మీద పనిచేసినవాళ్ళు. ఆ కాలపు బస్సుల్లో కండక్టరు తాడు లాగితే డ్రైవరు తల దగ్గర గంట మోగేది. ఒక బెల్లంటే ఆపు, రెండంటే పోనీ. సర్వీసు చివరి రోజుల్లో ఒక సాయంత్రం, ముంజల బుట్టతో ఒక ముసలమ్మ రైసుమిల్లు దాకా టిక్కెట్టు తీసుకుంది. రైసుమిల్లుతో ఒక స్టేజీ అయిపోతుంది, అది దాటితే టిక్కెట్టు ధర పెరుగుతుంది. బస్సు అక్కడ ఆగలేదు, ముందుకు పోయి కల్వర్టు దగ్గర ఆగింది. ఆ రోజు చెకింగువాళ్ళు సరిగ్గా ఆ కల్వర్టు మీదే కూర్చుని ఉన్నారు. టిక్కెట్టు రైసుమిల్లు వరకే ఉంది, మనిషేమో కల్వర్టు దాకా వచ్చేసింది. మెమో కండక్టరుకు వచ్చింది.

"సింగిల్ బెల్లు కొట్టినా" అన్నాడు కండక్టరు.

"కొట్టలా" అన్నాడు డ్రైవరు.

ఆ ఒక్క బెల్లు మీద ఇద్దరికీ మాటలు పోయాయి. రిటైరైనా రాలేదు. ఇప్పుడు ఇద్దరికీ మధ్య ఒక గజం ఎడం, ఒక ఫ్యాను.

ఫ్యాను వల్ల మాట్లాడుకోక తప్పని అవసరాలు వచ్చాయి. అందుకు మా ఆయా పనికొచ్చింది. "ఫ్యాను తగ్గించమని ఆయనకు చెప్పమ్మా" అని ఒకరు, "చెయ్యి చాపితే స్విచ్చి అందుద్దని ఆయనకు చెప్పమ్మా" అని ఇంకొకరు. ఇద్దరి మాటా ఇద్దరికీ వినిపిస్తూనే ఉండేది. అయినా ఆమె తిరిగి చెప్పేదాకా వినబడనట్టే ఉండేవాళ్ళు. రెండు మంచాల మధ్య నిలబడి తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ మెడ పట్టేసిందని ఆమె నాకు ఫిర్యాదు చేసింది. అది కూడా రాసుకున్నాను.

శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిన రోజు అందరినీ వరండాలో కూర్చోబెట్టాం. కండక్టరు ఆయాను పక్కకు పిలిచి వర్ణించడం మొదలుపెట్టాడు. పొగ తెల్లగా నిలువునా పోతా ఉందమ్మా, ఇప్పుడు తూర్పుకు వంగిందమ్మా, ఇప్పుడు మబ్బులోకి దూరిందమ్మా అని. ఆమె అప్పటికే నోరు తెరుచుకుని దాన్నే చూస్తోంది. "నాకూ కళ్ళుండాయి కదయ్యా" అంది. "చూడు, చూడు. నేనేమన్నా వద్దన్నానా?" అని, గొంతు ఇంకొంచెం పెంచి, రాకెట్టు కనబడకుండా పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. పక్క కుర్చీలో డ్రైవరు తూర్పుకు తిరిగి, తల పైకెత్తి, ఆయన చెప్పినంతసేపూ అలాగే ఉన్నాడు.

మొదటి బెల్లు పడింది ఆ తర్వాత కొద్ది రోజులకే. అప్పుడు నేను ఆఫీసు కిటికీ దగ్గర ఉన్నాను. డ్రైవరు వాకరు నెట్టుకుంటూ వరండాలో వస్తున్నాడు. దారికడ్డంగా ఎవరో ఉల్లిపాయల బస్తా పెట్టి వెళ్ళారు. చుట్టుపక్కల ఆయా లేదు. మలుపులో పేము కుర్చీలో కండక్టరు ఒక్కడే ఉన్నాడు. పిలిస్తే మాట్లాడినట్టవుతుంది. పిలవకపోతే మనిషి పడతాడు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, చేతికర్రతో పక్కనున్న గొట్టాన్ని ఒక్క దెబ్బ కొట్టాడు.

డ్రైవరు ఆగాడు. ఊరికే ఆగడం కాదు. కుడికాలు ముందుకు వేసి నేలను గట్టిగా తొక్కాడు.

వంటామె పరుగున వచ్చి బస్తాను పక్కకు లాగింది. "రా అబ్బయ్యా, దారుంది" అంది. ఆయన కదల్లేదు. అప్పుడు గొట్టం మీద రెండు దెబ్బలు పడ్డాయి. వాకరు కదిలింది.

ఆ రోజు నుంచి అది అలవాటైంది. భోజనాల వేళకు కండక్టరు ముందే వెళ్ళి పేము కుర్చీలో కూర్చునేవాడు. అడిగితే అక్కడ గాలి బాగుందనేవాడు. అక్కడి నుంచి వరండా ఒక పక్క, వాలు దారి ఇంకో పక్క కనబడతాయి. డ్రైవరు గది గుమ్మంలో వాకరు ఆనించి ఎదురుచూసేవాడు. ఎంత ఆకలైనా డబుల్ బెల్లు పడితేనే బండి కదిలేది. మలుపు దగ్గర ఒక బెల్లు, తిరిగాక రెండు, భోజనశాలలో బల్ల దగ్గర ఒకటి. మోకాళ్ళ మందు సీసా అటకెక్కింది. అయినా ఇద్దరికీ మాటల్లేవు. గదిలోకి వెళ్ళాక ఫ్యాను సంగతి మళ్ళీ ఆయా ద్వారానే నడిచేది.

గొట్టం మీద రంగు ఊడింది. రంగు ఊడితే తుప్పు పడుతుందని అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. ఏమీ తెలియనట్టు ఊరుకున్నాను.

ఇక బొటనవేలి సంగతి.

ఆ రోజు ఒక దాత పుట్టినరోజు. మంచినీళ్ళ ఫిల్టరు ఆయన ఇచ్చిందే. మా కోశాధికారి ఆయన్ని వెంటబెట్టుకుని లడ్డూల పళ్ళెంతో వచ్చాడు. కోశాధికారి బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. సంతకం కింద తేదీ లేని కాగితాన్ని ముట్టుకునేవాడు కాదు. ఆయనంటే నాకు మొదటి నుంచీ గౌరవం. మలుపులో నిలబడి దాతకు ఆయన పేరున్న పలక చూపిస్తున్నాడు. వాళ్ళు అడ్డంగా ఉన్నారని కండక్టరు ఒక బెల్లు కొట్టాడు. డ్రైవరు వాళ్ళకు మూరెడు దూరంలో ఆగి నిలబడ్డాడు. అంతా సవ్యంగానే ఉంది.

వంటామె ఆ పూట చేపలు వేయిస్తోంది. వేళైందని నూనె చేతులతోనే వచ్చి గంట కొట్టింది. మాకు గంటంటే వేలాడగట్టిన రైలుపట్టా ముక్క, ఒక ఇనప కడ్డీ. ఒకటి కొట్టింది, రెండు కొట్టింది. మూడోదానికి కడ్డీ నూనె చేతిలోంచి జారి బూడిదగుంటలో పడింది.

రెండు దెబ్బలు. డబుల్ బెల్లు పడ్డాక తటపటాయించే డ్రైవరు కాదు ఆయన.

వాకరు ముందుకాలు కోశాధికారి బొటనవేలి మీద దిగింది. లడ్డూలు వాలులో దొర్లుకుంటూ అందరికంటే ముందు భోజనశాలకు చేరాయి. అక్కడ అప్పటికే కూర్చుని ఉన్నవాళ్ళు ఇదేదో కొత్త వడ్డన అనుకున్నారు. ఒకావిడ కాలితో ఆపి, తుడుచుకుని తినేసింది కూడా.

కోశాధికారి నొప్పిని పంటి కింద బిగబట్టి, ఎవరు చూసుకోకుండా నడిచారని అడిగాడు. "చూసుకునేదానికి చూపు లేదు సారూ. హారనూ లేదు" అన్నాడు డ్రైవరు.

వేలికి కట్టు నేనే కట్టాను. కట్టించుకుంటూ ఆయన నెమ్మదిగానే మాట్లాడాడు. "నా వేలు సంగతి వదిలెయ్యండమ్మా. ఇదే ఇంకో ముసలాయన అడ్డంగా ఉండి పడి తుంటి విరిగితే? నియమావళిలో పరీక్ష ఉంది కదా. వచ్చే వారం వస్తా. నా ఎదురుగా నడవమనండి. నడిస్తే ఉంటాడు, లేకపోతే నెల్లూరు." ఆ మాటలో తప్పేముంది? ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. అదే నాకు ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

ఆ వార్త గదిలోకి నాకంటే ముందే వెళ్ళింది. నేను వెళ్ళేసరికి ఆయా రెండు మంచాల మధ్య డ్యూటీలో ఉంది. కండక్టరు కోపంగా ఉన్నాడు.

"ఆయనకు చెప్పమ్మా. నా సర్వీసులో సమానంగా రెండు దెబ్బలు కొట్టినోణ్ణి కాదు. మొదటిది పొట్టి, రెండోది పొడుగు. పన్నెండేండ్లు ఇన్నోడికి వంటామె గంటకూ నా బెల్లుకూ తేడా తెలీదా అని అడుగు."

ఆయా అటు తిరిగింది.

"ఆకలి మీదుండా అని చెప్పమ్మా" అన్నాడు డ్రైవరు.

ఆ వారం ఎలా గడిచిందో చెబుతాను. డ్రైవరు తన పెట్టె సర్దుకున్నాడు. ఉన్నవే నాలుగు బట్టలు. వాటిని తడిమి తడిమి రోజూ తీసి రోజూ సర్దేవాడు. నన్ను ఒక్కటే అడిగాడు, నెల్లూరులో గదిలో పక్కన ఎవరుంటారని. ఎవరో ఒకరు ఉంటారన్నాను. "మాట్లాడే మనిషా?" అన్నాడు. ఈ మనిషికి మాట్లాడేవాళ్ళతో ఏం పనో నాకు అర్థం కాలేదు.

కండక్టరు, పోతే పోనీ, ఫ్యాను గొడవ వదిలిపోతుందన్నాడు. అన్న రోజే అన్నం సగం వదిలేశాడు. తర్వాత రోజు మందు ఇస్తుంటే, నెల్లూరు ఇంట్లో గోడలకు గొట్టం ఉందా అని అడిగాడు. లేదన్నాను. "నాకెందుకులే మేడమ్. ఊరికే అడిగినా" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

చెయ్యి పట్టించుకుని నడవమని డ్రైవరుకు నేనూ చెప్పి చూశాను, పరీక్ష గట్టెక్కాక రోజూ నడిచేటప్పుడైనా సరే అని. అలా నడిచేదానికి నెల్లూరు దాకా ఎందుకు, ఇక్కడే మంచమెక్కుతానన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. కావాలంటే చెకింగువాళ్ళను అడగండి.

చెప్పిన రోజున, చెప్పిన వేళకు కోశాధికారి వచ్చాడు. వేలి వాపు తగ్గలేదు. కుంటుతూ ఆటో దిగాడు. చూడలేక మా స్టోరులోంచి ఒక చేతికర్ర తీసి ఇచ్చాను. నియమావళి తెరిచి ఆ వాక్యం పైకి చదివాడు. పేము కుర్చీలోని కండక్టరును చూసి, ఈయన ఇక్కడ ఎందుకన్నాడు. ఆయన రోజూ అక్కడే కూర్చుంటాడన్నాను. గొట్టం కొడతాడట కదా, అది సాయం కాదా అన్నాడు. చెయ్యి పట్టుకోకూడదని ఉంది, బెల్లు వినకూడదని లేదన్నాను. ఆ వాక్యాన్ని ఇంకోసారి మెల్లగా చదువుకుని, "నిజమే. లేదు" అన్నాడు. తను చదివినదానికి కట్టుబడే మనిషి. అందుకే గౌరవం అన్నాను.

వంటామె చేతిలోంచి కడ్డీ నేనే తీసుకుని దాచాను. ఆశ్రమం మొత్తం గుమ్మాల్లో నిలబడింది. డ్రైవరు తన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు, ఒక బొత్తాం తప్పు రంధ్రంలో పెట్టుకుని. గుమ్మంలో వాకరు ఆనించాడు. నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదల్లేదు.

"నడవరేం?" అన్నాడు కోశాధికారి.

"బెల్లు పడలా సారూ."

కండక్టరు కర్ర పట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్ళ పగ ఈరోజే తీర్చుకుంటాడా అనుకున్నాను. చూస్తే, మలుపు అవతలి నుంచి చెవిటి ముసలావిడ ఒకామె నీళ్ళ సీసా నింపుకుని, గోడ పట్టుకుని, ఈ లోకంతో సంబంధం లేనట్టు వరండా దాటుతోంది. ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేదాకా ఆగి, అప్పుడు కొట్టాడు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.

బండి కదిలింది. గది దాటింది, ఆఫీసు దాటింది. ఫిల్టరు ఇంకా నాలుగడుగులుందనగా ఒక బెల్లు పడింది. ఆ చోట ఎప్పుడూ ఆపింది లేదు. డ్రైవరు నేలను తొక్కి ఆగాడు. ఇక్కడెందుకు ఆపాడో నాకు తెలియలేదు, కోశాధికారికీ తెలియలేదు. ఏముందని ఆయన ముందుకొచ్చి చూడబోతే, చేతికర్ర కొన సర్రున జారింది. నేను పట్టుకోకపోతే రెండో కాలూ కట్టుకు వచ్చేది. ముసలావిడ సీసా నింపుతూ ఒలకబోసిన నీళ్ళు. గచ్చు మీద మా ఇద్దరి నాలుగు కళ్ళకూ కనబడలేదు.

ఆయా గుడ్డ తెచ్చి తుడుస్తోంది. డ్రైవరు నిలబడి ఉన్నాడు. అప్పుడు కోశాధికారి ఒక పని చేశాడు. జేబులోంచి తాళాలగుత్తి తీసి, గొట్టం మీద రెండు దెబ్బలు కొట్టాడు, టక్కు టక్కుమని. వంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేల ఇంకా తడిగానే ఉంది. ఆయా వంగి దారికడ్డంగానే ఉంది.

వాకరు కదల్లేదు. డ్రైవరు తల మాత్రం చప్పుడు వచ్చిన వైపు తిరిగింది.

"ఎవురయ్యా అది, బెల్లు కొట్టింది?" అన్నాడు. "నా కండక్టరు కాదే."

కోశాధికారి తాళాలు జేబులో వేసుకున్నాడు. కండక్టరు రొయ్యల గుంటల వైపు తిరిగి, అక్కడ ఏదో ముఖ్యమైన పని జరుగుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఆయా తుడవడం ముగించి లేచింది. ఆయన ఇంకా అటే చూస్తున్నాడు. చివరికి ఆమే వెళ్ళి భుజం తట్టింది. అప్పుడు పొట్టిది, పొడుగుది పడ్డాయి. ఆ రోజు పొడుగుది మామూలు కంటే పొడుగ్గా మోగిందని నాకు అనిపించింది.

మలుపు తిరిగింది. వాలు దిగింది. భోజనశాలలో బల్ల దగ్గరికి రాగానే ఒక బెల్లు పడింది. డ్రైవరు నేల తొక్కాడు గాని, వాలులో వచ్చిన ఊపుకు వాకరు ఇంకో అడుగు పోయి బల్లకు తగిలి ఆగింది. గ్లాసులు గలగలమన్నాయి.

"దాటినావు" అని వినబడింది వెనక నుంచి.

ఆయా అలవాటు కొద్దీ ఆ మాట చేరవేయడానికి నోరు తెరిచింది. అవసరం లేకపోయింది. కండక్టరు కుర్చీలోంచి లేచి కర్ర పోటేసుకుంటూ తనే వస్తున్నాడు.

"ఆ పొద్దూ ఇట్నే దాటినావు."

"బెల్లు లేటు" అన్నాడు డ్రైవరు, బల్ల వైపు తిరిగే. "ఆ పొద్దూ లేటే. రైసుమిల్లు గేటు దాటినాక కొట్టినావు."

కండక్టరు ఉన్నచోటే ఆగిపోయాడు.

"అయితే కొట్టినాననే కదా?"

"లేటుగా కొట్టినావంటన్నా."

"మేడమ్, ఇన్నారా? కొట్టినానని ఒప్పుకున్నాడు. మీరు అన్నీ రాస్తారు కదా, ఇదీ రాసుకోండి."

రాసుకున్నాను, తేదీ వేసి. లేటుగా అన్న మాట కూడా రాయమని డ్రైవరు పట్టుబట్టాడు. అదీ రాశాను.

కోశాధికారి బల్ల దగ్గర కూర్చుని తన కాగితం తీశాడు. రాయబోయి ఆగాడు. "అంతా బాగానే ఉందమ్మా. కాని ఆయన లేకపోతే ఈయన నడవలేడు కదా. దీన్ని తనంతట తాను నడవడం అంటారా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయన చేతిలో ఉన్న మా స్టోరు కర్ర వైపు చూశాను. ఆయనా దాన్నే చూసుకున్నాడు. తర్వాత, నడవగలడు అని రాసి, సంతకం చేసి, కింద తేదీ వేశాడు. భోజనం చేసి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు కర్ర ఇచ్చేయబోతే, వేలు మానేదాకా ఉంచుకోమన్నాను. రశీదు రాసిచ్చి తీసుకెళ్ళాడు.

మీరు నింపే ఫారాల్లో చూపుకో గడి ఉంటుంది, వినికిడికో గడి, మోకాళ్ళకో గడి. వేటికవే. ఆ ఇద్దరి ఫారాలూ నేనే నింపాను, అక్షరం తప్పు లేకుండా. ఒకరికి కళ్ళు లేవని రాశాను, ఒకరికి కాళ్ళు లేవని రాశాను. రెండు కాగితాలూ ఒకే పెట్టెలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టింది మంచి సంరక్షణ గురించి ఆలోచించి కాదు, ఇంకో మంచం ఖాళీ లేక. ఈ సంగతి మీరు మీ పెన్నుతో రాసుకోవచ్చు, రాసుకోకపోవచ్చు.

ఆ తర్వాత మాకు ప్రశాంతత పోయింది. ఇన్నేళ్ళ మాటలూ బాకీ ఉన్నాయి కదా. లేటా, కాదా అని పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా సాగేది. పక్క గదివాళ్ళు నా దగ్గరికి వచ్చి, మేడమ్, వాళ్ళకు మళ్ళీ మాటలు లేకుండా చెయ్యడానికి వీలుందా అని అడిగారు. ఆయా మెడ నొప్పి మాత్రం తగ్గింది. భోజనాల గంట ఐదు దెబ్బలు చేశాను. వంటామె ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ తర్వాతే కడ్డీ పట్టుకోవాలని గోడకు రాసి అంటించాను. దాన్నీ ఆమె నా చాదస్తాల్లోనే చేర్చింది.

నేను ఆ ఉద్యోగం కూడా విరమించిన రోజున చిన్న సభ పెట్టారు. పూలదండ, శాలువా, కోశాధికారి ప్రసంగం. ప్రసంగంలో ఆయన నా క్రమశిక్షణను పొగిడాడు. వేలి ప్రస్తావన తేలేదు. అందరికీ చెప్పి, సంచి పట్టుకుని గేటు దాకా వచ్చాను. అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి. స్టోరు తాళం ఇచ్చానా, రాత్రి మాత్రల సంగతి కొత్తామెకు చెప్పానా అని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను. అన్నీ ఇచ్చాను, అన్నీ చెప్పాను. అయినా నిలబడే ఉన్నాను.

వెనక వరండాలో గొట్టం మోగింది. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.

ఆటో ఇంకా రాలేదు. అయినా డబుల్ బెల్లు పడ్డాక నిలబడి ఉండటం పద్ధతి కాదని, కదిలాను.